అప్‌డేట్: పాత టీవీకి వైఫై వచ్చింది

మా 2011 మోడల్ టీవీలో వైఫై లేదు, వెనక లాన్ పోర్టు (నెట్ కేబుల్ పెట్టేది) ఉంది, బజార్లో కొన్న యూఎస్‌బీ డాంగిల్ (వైఫై అందుకునే చిన్న పరికరం) పెడితే గుర్తించట్లేదని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

డాంగిల్ దారి మూసుకున్నట్టే. ఆ టీవీలో కంపెనీ సొంత వైఫై డాంగిల్‌కి తప్ప వేరేదానికి డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) లేదట, కొత్తగా వేయడానికీ వీల్లేదు. ఫర్మ్‌వేర్ (టీవీ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసినా తేడా రాలేదు. లాన్ పోర్టున్న వైఫై ఎక్స్‌టెండర్ (రౌటర్ సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపే పెట్టె) కొని, దాన్నుంచి టీవీకి చిన్న కేబుల్ వేయమన్న సలహా మాత్రం వెంటనే పనిచేసింది, పాస్‌వర్డ్ కూడా టీవీలో కొట్టక్కర్లేదు.

కానీ నెట్ వచ్చినా యూట్యూబ్ తెరుచుకోలేదు! 2015లో యూట్యూబ్ పాత ఏపీఐ (యాప్‌లు యూట్యూబ్‌తో మాట్లాడే పద్ధతి) ఆపేసింది, 2012కి ముందు మోడళ్లలో చాలావాటికి ఆ యాప్ అప్పుడే పోయిందట. మీ టీవీ అంత పాతదైతే ఎక్స్‌టెండర్ కొనకుండా నేరుగా హెచ్‌డీఎంఐ స్టిక్ (టీవీ హెచ్‌డీఎంఐ పోర్టులో పెట్టే, సొంత వైఫై, యాప్‌లు ఉన్న చిన్న పరికరం) తీసుకోండి, నేను చివరికి అదే పెట్టాను.

స్టిక్ మాటిమాటికీ రీస్టార్ట్ అయితే ముందే వైఫైని అనుమానించకండి, చాలాసార్లు టీవీ యూఎస్‌బీ పోర్టు ఇచ్చే కరెంటు సరిపోక అలా అవుతుంది. స్టిక్‌తోపాటు వచ్చిన పవర్ అడాప్టర్‌ని గోడ ప్లగ్గులో పెట్టగానే మాకు ఆగిపోయింది. ఎక్స్‌టెండర్ ఇప్పుడు పడగ్గదిలో ఉంది.