12 మి.మీ. పట్టాల మీద దొనకొండ: యాక్సిల్ బాక్సులు నురుగెత్తుతున్నాయి

ప్రశ్న (ఒంగోలు నుంచి)

గుంటూరు–గుంతకల్లు లైను బ్రాడ్‌గేజ్ కాకముందు దొనకొండ షెడ్డు ఇంజన్లు లాగిన మీటర్‌గేజ్ (పట్టాల మధ్య ఒక మీటరు) గూడ్సు బండి నమూనాను 1:87 స్కేలులో చేస్తున్నాను. లెక్క ప్రకారం పట్టాల మధ్య 11.5 మి.మీ. ఉండాలి. స్విట్జర్లాండు మీటర్‌గేజ్ నమూనాల కోసం తయారయ్యే 12 మి.మీ. పట్టా దొరకడంతో దానితోనే సర్దుకున్నాను. ఆ తేడా అసలు లైను మీద 44 మి.మీ. అవుతుంది, నా కంటికైతే ఆనదు.

చిక్కంతా విడిభాగాలతోనే. మన వ్యాగన్ల యాక్సిల్ బాక్సులు, అంటే ఇరుసు కొనలను పట్టి ఉంచే పెట్టెలు, ఏ కొట్లోనూ దొరకవు. నాలుగు చక్రాల వ్యాగన్లు పది కాబట్టి ఒకే తీరువి 40 కావాలి. స్టైరీన్ ప్లాస్టిక్ షీటుతో ఒకటి చెక్కి, సిలికాన్ అచ్చు తీసి, పాలీయురేథేన్ రెజిన్ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ప్లాస్టిక్) పోశాను. ఎండాకాలంలో చక్కగా వచ్చాయి. కార్తీకంలో వాయుగుండం పట్టిన వారం పోసిన 12లో 9 దోసె మీద చిల్లుల్లా బుడగలెత్తాయి. తప్పు అచ్చుదా, రెజిన్‌దా?

జవాబు (నెల్లూరు నుంచి)

అయ్యా, ముందుగా ఆ పాడైన ముక్కలను వరుసగా పెట్టి చూడండి. బుడగ ప్రతిసారీ ఒకే మూలలో ఉంటే అక్కడ గాలి చిక్కుకుంటున్నదని, అచ్చుకు దారి సరిగా లేదని అర్థం. అలా కాక ముక్క అంతటా సన్నని చిల్లులు పడి, రెజిన్ అచ్చు అంచు దాటి పొంగి ఉంటే అది తేమ చేసిన పని. ఈ రెజిన్ రెండు సీసాలలో ఒకదానిలో ఉండే ఐసోసయనేట్ నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. మీ ముక్కలను పొంగించేది అదే.

తేమ గాలిలోంచి మాత్రమే వస్తుందనుకోవద్దు. నేను చాలాకాలం కాగితపు కప్పులో పోసి, ఐస్‌క్రీం పుల్లతో కలిపి, రెజిన్ అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను. తేమ ఆ పుల్లలోనే ఉంది! ప్లాస్టిక్ కప్పు, స్టీలు చెంచా వాడండి. అచ్చులో చల్లే పౌడరును కూడా ఎండబెట్టండి. సీసాలు చిన్నవి కొని, పోసిన వెంటనే మూత బిగించండి. సగం వాడి వానాకాలమంతా అటక మీద ఉంచిన సీసాను నమ్మవద్దు.

జవాబు (కావలి నుంచి)

రెజిన్ త్రీడీ ప్రింటరుతో 40 ఒకేసారి తీయవచ్చు కదా, ఇంత తంటా ఎందుకు?

జవాబు (నెల్లూరు నుంచి)

తీయవచ్చు. అయితే 0.05 మి.మీ. పొర అసలు వ్యాగను మీద 4.35 మి.మీ. మెట్టు అవుతుంది కనుక, వంపు ఉన్న మూత మీద రంగు పడగానే ఆ గీతలు కనిపించే అవకాశం ఉంది. ఒక్కటి ప్రింటు తీసి, నున్నగా రుద్ది, దాన్నే మూల నమూనాగా పెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి. ప్రింటును బాగా కడిగి, పూర్తిగా గట్టిపరిచిన తరువాతే సిలికాన్ పోయాలి. ముఖ్యంగా ప్లాటినం రకం సిలికాన్ పచ్చి ప్రింటును తాకిన చోట గట్టిపడక జిగటగా మిగిలిపోతుంది.

జవాబు (మార్కాపురం నుంచి)

చక్రాలను మాత్రం సొంతంగా పోయవద్దు. రవ్వంత వంకర ఉన్నా బండి పట్టా దిగుతుంది. టీటీ అనే 1:120 నమూనా స్కేలు పట్టా కూడా 12 మి.మీ.లదే కాబట్టి ఆ చక్రాల జతలు మీకు పనికివస్తాయి. ముందు వాటిని కొని, ఇరుసు పొడవు కొలిచి, దానికి తగినట్లు బాక్సుల మధ్య దూరం పెట్టుకోండి. బాక్సులు అతికించిన తరువాత ఇరుసు పట్టలేదంటే 40 పెట్టెలూ ఊడదీయాలి.

ప్రశ్న అడిగినవారు

పుల్ల మానేసి, పౌడరు ఎండబెట్టి, కొత్త సీసాతో నిన్న మళ్లీ 12 పోశాను. 11 బాగా వచ్చాయి. మిగిలిన దానిలో బుడగ కుడివైపు పై మూలలోనే ఉంది. పాత ముక్కలు తీసి చూస్తే రెండింటికి అదే చోట చిల్లు. అచ్చుకు ఆ మూలలో బ్లేడుతో సన్నని గాడి కోస్తున్నాను. టీటీ చక్రాలు ఒక జత తెప్పించి కొలిచాకే బాక్సులు అతికిస్తాను.