ఏటి పక్కన గ్రావెల్ క్వారీ వస్తే మా బావులకు ముప్పుందా? ఎలా లెక్కగట్టాలి?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డు పల్లె. ఏటికి 300 మీటర్ల దూరంలో గ్రావెల్ క్వారీకి దరఖాస్తు పెట్టారు. 9 మీటర్ల లోతు తవ్వుతారట. మా నేలబావిలో మే నెలలో కూడా 6 మీటర్ల దగ్గరే నీళ్లుంటాయి, వానలయ్యాక 2 మీటర్లకు వచ్చేస్తాయి. అంటే గొయ్యి అడుగు నీటిమట్టం కిందికి పోతుంది. మోటార్లతో ఆ నీళ్లు తోడేస్తే చుట్టూ బావులు దిగిపోవా? ఊరి తాగునీటి బోరు కూడా అక్కడే ఉంది. నా టెన్షన్ అదే.

క్వారీ వాళ్ల రిపోర్టులో ఒకే ఒక్క లోతు బోరు లెక్క చూపించి, నీరు గొయ్యికి చాలా కింద ఉందని రాశారు. ఆ బోరుకు అందే రాతి పగుళ్లలోని నీరు, మా బావులకు అందే పై ఇసుక పొరలోని నీరు ఒకటే ఎలా అవుతాయి?

నేనూ తమ్ముడూ వారం నుంచి ఏడు బావులు టేపుతో కొలుస్తున్నాం. నేల ఎత్తు ఒక్కోచోట ఒక్కోలా ఉంది కాబట్టి, అన్నిటినీ ఒకే మట్టానికి తెస్తేనే నీరు ఏటివైపు పోతోందో, ఏటి నుంచి వస్తోందో తెలుస్తుంది. ఫోన్ జీపీఎస్ ఎత్తు మీటర్ల కొద్దీ తేడా చూపిస్తోంది. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబ్ సరిపోతుందా, సర్వేయర్‌ను పెట్టుకోవాలా? తోడకం ప్రభావం ఎంత దూరం పోతుందో అంచనా వేయడానికి మా బావి మీదే పంపింగ్ టెస్ట్ (మోటారుతో తోడుతూ నీటిమట్టం ఎంత దిగుతుందో కొలవడం) చేయొచ్చా?

ప్రజాభిప్రాయ సేకరణ వచ్చే నెలలోనే. భూగర్భజలాల పని తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.