మేనరికాలున్న ఇళ్లలో డీఎన్ఏ మ్యాచ్‌లను ఎలా చదవాలి?

కృష్ణాతీరం:
అమెరికాలో డీఎన్ఏ కిట్ చేయించుకున్న తెలుగువాళ్లకు దూరపు చుట్టాల మ్యాచ్‌లు కుప్పలుగా వస్తున్నాయి. ఉదాహరణకు 120 సెంటీమోర్గన్లు (ఇద్దరిలో కలిసే డీఎన్ఏని కొలిచే ప్రమాణం) కలిస్తే కిట్ కంపెనీ సైట్ 'సెకండ్ కజిన్' అంటోంది. అటు అమ్మవైపు, ఇటు నాన్నవైపు ఎవరికీ ఆ ఇంటిపేరే తెలియదు. పై తరాల్లో మేనరికాలున్నాయి. ఆ లేబుల్‌ని ఎంతవరకు నమ్మాలి?

వంశవృక్షం:
లేబుల్‌ని వదిలేయండి. అమ్మానాన్నల పూర్వీకులు ఒకరికొకరు ఏమీ కారన్న లెక్క మీద అది వేస్తారు, మనకది చెల్లదు. మొత్తం కన్నా సెగ్మెంట్ల (తెగకుండా కలిసే డీఎన్ఏ ముక్కల) పొడవు ముఖ్యం. 120 నాలుగైదు సెగ్మెంట్లలో వచ్చి, అన్నిటికన్నా పొడవైనది 50 దాటితే దగ్గరి తరాల్లో బంధుత్వం ఉన్నట్టే, వెతకండి. అదే 120 పదమూడు సెగ్మెంట్లుగా వచ్చి, పొడవైనది 14 దగ్గరే ఆగితే అది ఏ ఒక్క ముత్తాత నుంచో వచ్చింది కాదు. తరతరాలుగా అదే కులంలో ఇచ్చిపుచ్చుకున్న సంబంధాల నుంచి పోగైంది.

కిట్ కంపెనీ నుంచి రా డేటా (మీ డీఎన్ఏ వివరాల ఫైల్) దింపుకుని జెడ్‌మ్యాచ్‌లో (GEDmatch, వేర్వేరు కంపెనీల డీఎన్ఏ ఫైళ్లను పోల్చే సైట్) ఎక్కించండి. ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి, ఫార్మాట్ చెడి తిరస్కరిస్తుంది. వన్-టు-వన్ (ఇద్దరి మధ్య) పోలికలో కనీస సెగ్మెంట్ 7 సెంటీమోర్గన్లు ఉంటుంది, దాన్ని 15కి పెంచండి. పాత చిన్న ముక్కలు రాలిపోయి అసలు చుట్టరికం మిగులుతుంది.

జన్యుపాఠం:
అంతకన్నా ముందు అదే సైట్‌లో అమ్మానాన్నలు బంధువులా అని చూసే టూల్ నడపాలి. బావామరదళ్ల పిల్లలకు అమ్మ నుంచి, నాన్న నుంచి ఒకేలా వచ్చిన భాగాలు సగటున 220 సెంటీమోర్గన్ల దాకా, మేనమామ-మేనకోడళ్ల పిల్లలకు 440 దాకా వస్తాయి. పై తరాల్లోనూ మేనరికాలుంటే ఇంకా పెరుగుతుంది.

మైటోకాండ్రియల్ (తల్లి నుంచే పిల్లలకు వచ్చే డీఎన్ఏ) పరీక్షకు డబ్బు పెట్టేముందు ఆలోచించండి. మేనమామ తన సొంత అక్క కూతుర్ని చేసుకుంటే భార్యాభర్తలిద్దరిదీ ఒకే మైటోకాండ్రియల్ డీఎన్ఏ. అమ్మవైపో నాన్నవైపో అది తేల్చలేదు.

గోదారిగట్టు:
వై-డీఎన్ఏ (తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చేది) మాత్రం ఇంటిపేరుతో పాటు నడుస్తుంది. కానీ ఒకే ఇంటిపేరున్న ఇద్దరికి కలవకపోతే తప్పుడు అర్థాలు తీయకండి. ముందు దత్తతల గురించి అడగండి. కూతురి కొడుకును దత్తత తీసుకుంటే ఇంటిపేరు తాతది, వై క్రోమోజోము అల్లుడిది.

కృష్ణాతీరం:
ఇంట్లో ముందు ఎవరికి చేయించాలండి?

వంశవృక్షం:
అందరికన్నా పెద్దవాళ్లకి. తరం మారినప్పుడల్లా సగం డీఎన్ఏ కిందికి రాదు. పరీక్షకు ట్యూబులో ఉమ్మి ఇచ్చే అరగంట ముందు నుంచి కాఫీ, కిళ్లీ, వక్కపొడి ఏవీ వద్దు. నురగ కాకుండా ద్రవం గీత దాకా రావాలి. మూత బిగించగానే అందులోని ద్రావణం ఉమ్మిలోకి దిగిందో లేదో చూసి బాగా ఊపండి. తొంభై దాటినవాళ్లకి నోరు ఆరిపోయి ఉమ్మి చాలదు, బుగ్గ లోపల రుద్దే స్వాబ్ కిట్ ఇచ్చే కంపెనీని ఎంచుకోండి. వాళ్లకి విషయం చెప్పి ఒప్పించాకే చేయించాలి. 2018లో కాలిఫోర్నియాలోని గోల్డెన్ స్టేట్ కిల్లర్ అనే వరుస హంతకుణ్ణి దూరపు చుట్టాల డీఎన్ఏతోనే, జెడ్‌మ్యాచ్ ద్వారా గుర్తించారు. పోలీసు పోలికలకు అనుమతి ఇస్తారా లేదా అని ఫైల్ ఎక్కించేటప్పుడే ఆ సైట్ అడుగుతుంది, చదవకుండా నొక్కకండి.

జన్యుపాఠం:
కిట్ చూపే జాతి శాతాల (మీలో ఏ ప్రాంతపు వాటా ఎంత అన్న లెక్క) మీద పెద్దగా ఆధారపడవద్దు. పోల్చడానికి ఉన్న తెలుగువాళ్ల నమూనాలే తక్కువ. పరిశోధకులు అందరూ వాడే 1000 జీనోమ్స్ అనే జన్యు నమూనాల సేకరణలో తెలుగువాళ్లవి వంద పైచిలుకు నమూనాలే, అవీ బ్రిటన్‌లో తీసుకున్నవి.

ఒక్కటి మాత్రం పట్టించుకోండి. ఆర్యవైశ్యుల్లో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం ఎక్కువని పరిశోధనల్లో తేలింది. ఈ లోపం ఉన్నవాళ్లకి ఆపరేషన్‌లో సక్సినైల్‌కోలిన్ (కండరాలను వదులు చేసే మందు) ఇస్తే కండరాలు, ఊపిరి గంటల తరబడి తిరిగి రావు. ఇంట్లో ఎవరికైనా మత్తు తర్వాత అలా జరిగి ఉంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పి, రక్తంలో ఆ ఎంజైమ్ స్థాయి చూపించుకోండి.