అప్‌డేట్: స్నిల్‌ఫ్యోర్డ్ దొరికింది, కానీ మూడు ముక్కలైపోయింది

మా ఆవిడది నార్వే, వాళ్ళ అమ్మమ్మ పాత కాగితంలో "స్నిల్‌ఫ్యోర్డ్, సోర్ ట్రోండెలాగ్" (అంటే దక్షిణ ట్రోండెలాగ్ జిల్లా) అని ఉంటే మ్యాప్‌లో స్నిల్‌ఫ్యోర్డ్ అనే కమ్యూనే (మన మండలం లాంటిది) లేదేంటని ఇదివరకు ఇక్కడ అడిగా కదా, విషయం తేలింది. 2018లో ఉత్తర, దక్షిణ ట్రోండెలాగ్ జిల్లాలు కలిపేశారు, తర్వాత 2020 జనవరి 1న స్నిల్‌ఫ్యోర్డ్‌ని రద్దు చేసి హిత్రా, హెయిమ్, ఓర్క్‌లాండ్ అనే మూడు కమ్యూన్లకీ పంచేశారు, ఇంక ఒక్కచోట ఎలా దొరుకుతుంది! కాగితం మడత దగ్గర చిరిగి ఊరి పేరు "క్రోక్‌స్టా" వరకే కనిపిస్తోంది, భూతద్దం పెట్టి చూస్తే క్రోక్‌స్టాడోరా. అది పాత కమ్యూన్ కేంద్రం, ఇప్పుడు ఓర్క్‌లాండ్‌లో ఉంది. ఊరు తెలిసేసరికి మా ఆవిడకి కళ్ళనీళ్ళు ఆగలేదు, ఎండాకాలంలో వెళ్తున్నాం. సాయం చేసినవాళ్ళందరికీ చాలా చాలా థాంక్స్ అండీ.