అప్‌డేట్: గబ్బిలాల శీతాకాల నిద్ర చలిదేశాల్లోనే పుట్టిందా?

చలిదేశాలకు చేరాకే గబ్బిలాలకు శీతాకాల సుప్తావస్థ (ఒంటి వేడిని దించుకుని, కొవ్వు ఆదా చేస్తూ నెలల తరబడి నిద్రపోవడం) అబ్బిందా, లేక ఆ గుణం ముందునుంచీ ఉందా అని అడిగాను కదా. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మీరు చెప్పినవి పట్టుకుని చదివాక రెండోదే నిజమనిపిస్తోంది.

నన్ను ఒప్పించింది ఎలుకతోక గబ్బిలం. మన దేశంలోనూ ఉంటుంది. ఉత్తర ఇజ్రాయెల్‌లో ఇవి భూగర్భ వేడితో వెచ్చగా, 20 డిగ్రీల దగ్గర ఉండే గుహల్లో చలికాలమంతా నిద్రపోతాయని 2015లో ప్రచురించారు. అంటే గడ్డకట్టే చలి అక్కర్లేదు! ఆస్ట్రేలియాలో పూలతేనె తాగే చిట్టి బ్లాసమ్ బ్యాట్ కూడా రోజులో కొన్ని గంటలు ఒంటి వేడిని బాగా దించేసుకుంటుంది.

ఇలా కాసేపు చల్లబడడం పాత గుణమనీ, నెలల తరబడి నిద్ర వేర్వేరు వంశాల్లో విడివిడిగా ముదిరిందనీ నా అభిప్రాయం.

ఇంకొకటి. నిద్రలో కన్నా మధ్యమధ్య మేలుకుని ఒళ్లు వేడెక్కించుకోవడానికే కొవ్వు ఎక్కువ ఖర్చవుతుందట. అమెరికాలో వైట్ నోస్ అనే జబ్బు తెచ్చే బూజు (శిలీంధ్రం) నిద్రపోతున్న గబ్బిలాలను పదేపదే లేపేస్తుంది. కొవ్వు అయిపోయి, పురుగులు దొరకని చలికాలంలోనే చచ్చిపోతున్నాయి. చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది.