ఎర్ర గీతలతో తిరిగొచ్చిన అధ్యాయం: ఎడిటర్‌కు చూపించుకోవచ్చా?

పరిశోధక విద్యార్థిని, తిరుపతి:
నా పీహెచ్‌డీ మా తిరుపతి గంగమ్మ జాతరలో కట్టే వేషాల మీద. రెండేళ్లు తాతయ్యగుంట గంగమ్మ గుడి చుట్టూ తిరిగి, బైరాగి, తోటి, దొర, మాతంగి వేషాలు కట్టేవాళ్లతో మాట్లాడి, నాలుగు నోటుపుస్తకాలు నింపాను. మూడో అధ్యాయం గైడ్ గారికి ఇస్తే పేజీ పేజీకీ ఎర్ర గీతలు. చివర ఒకే మాట: "ఇవి కబుర్లు." నాలుగు నెలలైంది. ఫైలు తెరవాలంటేనే గుండె దడ. ధైర్యం చేసి తిరగరాస్తే ఇలా వచ్చింది: "మాతంగి వేషధారణ సామాజిక విపర్యయమునకు ప్రతీకగా పరిగణింపబడుచున్నది." డబ్బిస్తే రాసిపెట్టేవాళ్ల నంబరు ఒకరిచ్చారు. నాకది వద్దు. ఎడిటర్‌కు చూపించుకుంటే తప్పా?

చిత్తూరు నుంచి ఒక అక్క:
చూపించుకోవడం తప్పు కాదు, గైడ్‌కు ఒక మాట చెప్పి చేయండి. ఆ నంబరు మాత్రం చెరిపేయండి. వాళ్లు అక్కడా ఇక్కడా అతికించి ఇస్తారు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం వేరేవాళ్ల రాతలతో పోలిక 10 శాతం దాటితే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

రిటైరైన తెలుగు లెక్చరర్, తిరుపతి:
అమ్మా, చాలా ఏళ్లుగా పిల్లల థీసిస్‌లు చూసిపెడుతున్నాను. మొదటిరోజు పెన్ను ముట్టను. "ఏం చూశావో చెప్పమ్మా" అంటాను, వాళ్లు చెబుతుంటే రాసుకుంటాను. సగం అధ్యాయం ఆ మాటల్లోనే దొరుకుతుంది. తర్వాత పెన్సిల్‌తో, అదీ ప్రశ్నలుగానే రాస్తాను. వాక్యం మార్చాల్సింది రాసినవాళ్లే.

నీ వాక్యమే చూడు. "పరిగణింపబడుచున్నది" అన్నావు. ఎవరు పరిగణిస్తున్నారు? నువ్వా, నీకంటే ముందు రాసినవాళ్లా, వేషం కట్టినాయనా? ఆ "బడు" వెనక నువ్వు దాక్కున్నావు. తిట్టు తిన్నవాళ్లందరూ అక్కడే దాక్కుంటారు తల్లీ, అది తెలివి తక్కువై కాదు, భయంతో. మాతంగి వేషం కట్టిన రోజు నీ నోటుపుస్తకంలో ఏం రాసుకున్నావో ఆ పేజీ ఇక్కడ పెట్టు.

పరిశోధక విద్యార్థిని:
సార్, ఇలా ఉంది: "చీర కట్టి, పసుపు పూసుకోని ఆయన బయటికి రాగానే వాళ్లమ్మే కాళ్లకు మొక్కింది. కొడుకు కదా అంటే, 'ఇప్పుడు కొడుకేంది, అమ్మ వొచ్చిండాది' అనింది."

రిటైరైన తెలుగు లెక్చరర్:
చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఇదమ్మా నీ అధ్యాయానికి మొదటి వాక్యం! నీ వాదన కూడా ఇందులోనే ఉంది: వేషం కట్టాక ఇంట్లో వరసలే మారిపోతున్నాయి. "కబుర్లు" అన్న మాట కఠినమే, అలా రాయకుండా ఉండాల్సింది. కానీ అందులో పనికొచ్చేది ఒకటుంది. ఎవరు చెప్పారు, ఏ రోజు, ఎక్కడ, అక్కడ ఇంకెవరున్నారు, ఇవి పక్కన లేకపోతే ఎంత మంచి సంగతైనా కబురులాగే కనిపిస్తుంది. ప్రతి సంఘటన కింద అవి రాయి. ఆమె చెప్పింది ఒక పేరాలో, నీకు అర్థమైంది ఇంకో పేరాలో పెట్టు. "వొచ్చిండాది"ని మాత్రం ఎవరు చెప్పినా "వచ్చింది" అని దిద్దొద్దు. ఆవేదకుల, అంటే మనకు సంగతులు చెప్పినవాళ్ల, మాట వాళ్లది, దాన్ని సవరించే హక్కు నాకూ లేదు, నీకూ లేదు.

రోజుకు అరగంట చాలు. ఎర్ర గీతలున్న ప్రతిని బీరువాలో పెట్టెయ్, పదిరోజుల తర్వాత ఇద్దరం కలిసి చూద్దాం.

పరిశోధక విద్యార్థిని:
ఫైలు తెరిచాను సార్. ఆ వాక్యం మొదట పెట్టాను. తేదీ ఉంది, వీధి ఉంది, ఆ అమ్మ వయసు రాసుకోలేదు. రేపు పొద్దున వెళ్లి అడిగొస్తాను.