చికాగోలో గాజు పలక పొయ్యి: పిండి పొంగట్లేదు, పోపు మాడుతోంది

కొత్తకాపురం_చికాగో:
అద్దె అపార్ట్‌మెంట్‌లో గ్యాస్ లేదు, నున్నటి గాజు పలక ఉన్న కరెంటు పొయ్యి. ఇంట్లో హీటర్ 68 ఫారెన్‌హీట్ మీద, అంటే 20 సెల్సియస్ మీద ఉంటుంది. ఇడ్లీ పిండి 14 గంటలైనా పొంగదు. 1 గ్లాసు మినపగుళ్లకు 2 గ్లాసుల రవ్వ, రుబ్బేది మిక్సీలో. పోపు పెడితే ఎండుమిర్చి మాడి స్మోక్ అలారం మోగుతోంది. కుక్కర్ స్టవ్ ఆపాక కూడా విజిళ్లు వేస్తోంది, పప్పు అడుగంటుతోంది. ఇండియా నుంచి తెచ్చిన 750 వాట్ల మిక్సీని ఇక్కడ ఎలా వాడాలి? ఇప్పుడున్నది ఇక్కడ కొన్న చిన్నది, దాంతో పని జరగట్లేదు.

మినపరొట్టె:
పిండి సంగతి చెప్తానండి. దానికి 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర వెచ్చదనం కావాలి, 20లో కదలదు. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె పెట్టండి. పాతకాలం ఫిలమెంట్ బల్బయితే ఆ వేడి చాలు. ఎల్‌ఈడీ బల్బయితే వేడే రాదు, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. అప్పుడు ఓవెన్ 1 నిమిషం వేసి ఆపేసి, లోపల గోరువెచ్చగా ఉందో లేదో చూసుకుని గిన్నె పెట్టండి. ఓవెన్ నాబ్ మీద కాగితం అంటించడం మరిచిపోవద్దు, ఇంట్లో ఇంకెవరైనా చూడకుండా ఓవెన్ వేస్తే గిన్నె, పిండి రెండూ పోతాయి.

పెరుగు మోడ్ ఉన్న ఎలక్ట్రిక్ కుక్కర్ ఉంటే "లెస్"లో, అంటే తక్కువ వేడిలో పెట్టండి. మామూలు పెరుగు వేడి 40 దాకా వెళ్తుంది, పిండి పులుస్తుంది గానీ గుల్లగా రాదు. లాక్ పడే మూత వద్దు, పళ్లెం బోర్లించండి. పొంగిన పిండి మూత కిందికి చేరితే తియ్యడం కష్టం. గిన్నెలో సగానికి మించి పోయకండి.

రుబ్బేటప్పుడు మిక్సీ వేడి పిండికి ఎక్కకూడదు. గుళ్లు 4 గంటలు నానాక ఫ్రిజ్ నీళ్లతో, 30 సెకన్లు తిప్పి 1 నిమిషం ఆపుతూ రుబ్బండి. పిండిలో వేలు పెడితే చల్లగా తగలాలి. చిటికెడు పిండి నీళ్లలో వేస్తే తేలాలి. మిక్సీలో మినప్పిండి గ్రైండర్‌లో అంత ఒదగదు కాబట్టి రవ్వ 1¾ గ్లాసులకు తగ్గించండి. పొంగాక గరిటెతో బాదకండి, పైపైన తీసి రేకుల్లో వెయ్యండి.

తాలింపుగింజ:
గ్యాస్ ఆపితే మంట అప్పుడే పోతుంది. గాజు పలక ఆపాక కూడా కొన్ని నిమిషాలు కాలుతూనే ఉంటుంది. మీ పోపు మాడేది, కుక్కర్ ఆగనిది ఇందుకే.

పోపుకి అడుగు చదునుగా ఉన్న చిన్న పాన్ తీసుకోండి, నాబ్ 5 దాటొద్దు. ఆవాలు సగం చిటపటలాడగానే పాన్‌ని చల్లటి బర్నర్ మీదికి మార్చి, అప్పుడు జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, తుడిచిన కరివేపాకు వెయ్యండి. నూనెలో ఉన్న వేడే సరిపోతుంది. పొయ్యి పైన బిగించిన మైక్రోవేవ్ ఉంటే, దాని కింది ఫ్యాన్‌ని నమ్మకండి. అది వేసి, మైక్రోవేవ్ పైఅంచు రంధ్రాల దగ్గర చెయ్యి పెట్టండి. గాలి చేతికి తగిలితే పొగ తిరిగి మీ వంటింట్లోకే వస్తోందన్నమాట. నూనె పెట్టకముందే కిటికీ తెరవండి. అలారం బ్యాటరీ మాత్రం తియ్యొద్దు, అది ప్రాణాల మీదికి తెచ్చే పని.

కుక్కర్‌కి రెండు బర్నర్లు వాడండి. ఒకటి 7 మీద, రెండోది 2 మీద ముందే వేడెక్కి ఉండాలి. మొదటి విజిల్ రాగానే కుక్కర్‌ని రెండోదాని మీదికి ఎత్తిపెట్టండి. జరిపితే గాజు గీరుకుపోతుంది. కందిపప్పు అరగంట నానబెట్టి, 1 కప్పుకి 3 కప్పుల నీళ్లు పొయ్యండి. అడుగంటదు.

కరెంటుపని:
అక్కడ 120 వోల్టులు, మన మిక్సీకి 230 కావాలి. నేరుగా పెడితే నీరసంగా తిరుగుతుంది, లోడు పడితే ఆగిపోయి మోటారు కాలుతుంది. 1500 వాట్లకు తగ్గని, వోల్టేజీ పెంచే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, మోటారు మొదలయ్యేటప్పుడు కరెంటు బాగా ఎక్కువ లాగుతుంది. చేతిలో ఇమిడే ప్రయాణాల కన్వర్టర్లు పనికిరావు. అదే లైన్ మీద మైక్రోవేవ్ నడిపితే బ్రేకర్ పడిపోతుంది. నన్నడిగితే, ఇంకా రెండేళ్లు ఉండేట్టయితే అక్కడి ఇండియన్ షాపుల్లో దొరికే 110 వోల్టుల మన మిక్సీయే మేలు.

కొత్తకాపురం_చికాగో:
చాలా థాంక్సండి. గుండ్రటి అడుగు మూకుడు ఈ పొయ్యి మీద వాడొచ్చా? వంకాయ కాల్చడమెలా?

తాలింపుగింజ:
మూకుడు వద్దండి. నడిమధ్య రూపాయి బిళ్లంత చోటే పలకకి తగులుతుంది, నూనె కాగదు. వంకాయ ఓవెన్ బ్రాయిలర్ కింద, అంటే పైనుంచి వేడి కొట్టే తీగ కింద బాగా కాలుతుంది. నూనె రాసి, చాకుతో నాలుగు చోట్ల గుచ్చండి, లేకపోతే పేలుతుంది. ట్రేలో ఫాయిల్ వేసి పైరాక్‌కి ఒక మెట్టు కింద పెట్టి, 6 నిమిషాలకోసారి తిప్పుతూ 25 నిమిషాలు కాల్చండి. తొడిమ దగ్గర నొక్కితే మెత్తగా దిగాలి. తీశాక 10 నిమిషాలు గిన్నె బోర్లిస్తే తొక్క దానంతటదే ఊడొస్తుంది.